నాయన చేసిన గేర్ రాడ్డు బల్ల మీద నిలవడం లేదు

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. మధ్యమధ్యలో పెన్సిల్ బొమ్మలు గీసి మరీ వివరంగా రాశారు. కుదించి ఇస్తున్నాను.

ఆయన వయసు ఇరవై తొమ్మిది. ఇంట్లోంచే రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తారు. పెళ్లయి రెండేళ్లు. అమ్మానాన్నలతో కలిసే ఉంటున్నారు. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కంప్యూటర్ రేసింగ్ స్టీరింగు ఒకటి కొన్నారు, మూడు పెడల్స్ ఉన్న లాజిటెక్ జీ29. స్టీరింగు వెనకున్న ప్యాడిల్స్‌తో గేర్లు మార్చుకోవచ్చు. కానీ ఈయనకు ర్యాలీ కార్లంటే పిచ్చి, చేత్తో రాడ్డు లాగి గేరు వేస్తే తప్ప తృప్తి ఉండదు. ఆ గేర్ షిఫ్టర్ విడిగా కొనుక్కోవాలి. కొనడం ఎందుకు, మనమే చేద్దామని ప్లైవుడ్, మైక్రో స్విచ్‌లు, స్విచ్ పడ్డ సంగతి కంప్యూటర్‌కు చేరవేసే ఆర్డుయినో ఉనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తెచ్చుకుని ఆరు గేర్ల షిఫ్టర్ చేశారు. అది పనిచేస్తుంది గానీ రేసు మధ్యలో వేసిన గేరు జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. అర్ధరాత్రి టకటకమని ఒకటే శబ్దం.

వీళ్ల నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించిన మేస్త్రీ. మోకాళ్లు సహకరించక షెడ్డు ఇంకొకరికి అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. "కూర్చున్నారంటే నిజంగానే కూర్చున్నారండీ. పేపరు, టీవీ, మళ్లీ పేపరు" అని రాశారు. కొడుకు చేసిన ప్లైవుడ్ పెట్టెను చూసి ఆయన, "ఇదేందిరా, పిలకాయల సామాను మాదిరుండాది" అన్నారు. మర్నాడే ఆటో ఎక్కి పాత షెడ్డుకు వెళ్లి లారీ గేర్ రాడ్డు, సెలెక్టర్ రాడ్లు, ఇనప ప్లేట్లు వేసుకొచ్చారు. మెట్ల కింద కూర్చుని రోజూ ఆకురాయితో రుద్దడం, గ్రైండర్ పెట్టడం. కొడుకు రాత్రంతా పనిచేసి పొద్దున పడుకునే సమయం అది. చివరికి తయారైన వస్తువు పద్నాలుగు కిలోలు తూగింది. పార్టికల్ బోర్డు బల్లకు క్లాంపులతో బిగిస్తే రెండో రోజుకే బల్ల అంచు పొడిపొడిగా రాలిపోయింది.

ఆ రోజు చిరాకులో ఈయన ఒక మాట అనేశారు. "నాయనా, ఇది ఆట. నిజం లారీ కాదు." నాన్నగారు ఏమీ అనలేదు. ఆ వస్తువును గోతంలో చుట్టి మెట్ల కింద పెట్టేశారు. మళ్లీ కొడుకు గది గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు స్నేహితులతో ఆదివారం రేసులు మొదలవబోతున్నాయి. రెడీమేడ్ షిఫ్టర్ కొనేయమని స్నేహితుడి సలహా. ఇప్పుడు కొంటే మామయ్యగారి మొహాన కొట్టినట్టే ఉంటుందని భార్య అంటోంది. ఇద్దరి సామాన్లూ తుక్కువాడికి వేసేయమని అమ్మ అంటోంది. "కొనుక్కోవడం తప్పా? ఆయన చేసినదాన్ని ఎలా వాడను, వాడనని ఎలా చెప్పను? అసలు నా డిజైన్‌లో తప్పెక్కడుంది? ఉనో బోర్డు పనికొస్తుందా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందు కనిపించింది డిజైన్ లోపమే. నాన్నగారి సంగతి దాని వెనకే వస్తుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను, కాస్త ఓపిక పట్టండి.

మీరు ఇష్టపడుతున్నవి ఇప్పటి ర్యాలీ కార్లు. బొమ్మలో గీసింది మాత్రం హెచ్ ఆకారపు ఆరు గేర్ల గాడి. ఈ రెండింటికీ పొత్తు లేదు. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో 2022 నుంచి నడుస్తున్న పైతరగతి కార్లకు ఐదు గేర్ల సీక్వెన్షియల్ పెట్టె ఉంటుంది. లివరు ఒకే గీతలో ముందుకూ వెనక్కూ కదులుతుంది, చెయ్యి వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. సాధారణంగా లాగితే పై గేరు, నెడితే కింది గేరు. మన బైకు గేరు ఎలా పడుతుందో అదే పద్ధతి. పాతకాలపు ర్యాలీ కార్లు, మామూలు కార్లు, లారీలు నడపాలంటే హెచ్ గాడి కావాలి. మీ ఆదివారం రేసుల్లో ఏ కార్లు వాడబోతున్నారో ముందు తేల్చుకోండి. ఇప్పటి ర్యాలీ కార్లే అయితే మీకు రివర్సుతో కలిపి ఏడు స్విచ్‌లు అక్కర్లేదు, రెండు చాలు. గాడి కోసే పనే ఉండదు. ఇన్నాళ్లూ మీరు పడ్డ కష్టంలో సగం అవసరం లేని వస్తువు కోసం పడ్డది.

ఇక అసలు విషయం. కంప్యూటర్ ముందు పెట్టే గేర్ రాడ్డు ఏ గేరునూ మార్చదు. ఫలానా గేరు వేశానని కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. హెచ్ గాడిలో అయితే రాడ్డు మూడో గేరులో ఉన్నంతసేపూ మూడో బటన్ నొక్కి ఉన్నట్టు లెక్క. ఏ బటనూ నొక్కి లేకపోతే న్యూట్రల్. సీక్వెన్షియల్‌లో ఒక బటన్ పైకి, ఒకటి కిందికి. కరెంటు పని ఇంతే. మిగిలిందంతా చేతికి తగిలే స్పర్శ. గేరు పడిందని వేళ్లకు తెలియాలి, పడినచోట నిలవాలి, అడ్డదిడ్డంగా లాగినా ఏదీ విరగకూడదు.

నాన్నగారికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఆయన మీ పెట్టెను చూశారు, నవ్వారు, వెళ్లి సామాను తెచ్చారు. మధ్యలో మీరు ఆయన్ని కూర్చోబెట్టి స్టీరింగు పట్టించి, ఈ రాడ్డు దేనికి, ఏం చేయాలి, ఏం చేయక్కర్లేదు అని చెప్పిన ఘట్టమే లేదు. గేర్ రాడ్డు కావాలని ఆయనకు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా తెలిసిన గేర్ రాడ్డు చేసి ఇచ్చారు. లారీలో ఆ రాడ్డు అంత పొడవు ఎందుకుంటుంది? కింద పళ్లు కలపడానికి బలం కావాలి కాబట్టి. ప్లేట్లు అంత మందం ఎందుకు? రోడ్డు అదుర్లు తట్టుకోవాలి కాబట్టి. మీ గదిలో ఆ పళ్లూ లేవు, ఆ అదుర్లూ లేవు. ఆయన పనితనంలో లోపం లేదు, పని చెప్పడంలోనే ఉంది.

మీ ప్లైవుడ్ షిఫ్టర్‌లో గేరు జారిపోతోందని రాశారే, దానికి కారణం మీ బొమ్మలోనే ఉంది. రాడ్డును గాడిలో పట్టి ఉంచేది ఏదీ లేదు. చెక్క ఒరిపిడి మీద ఆగుతోంది, అంతే. ఒకవైపు మధ్యకు లాగే స్ప్రింగు, ఇంకోవైపు మైక్రో స్విచ్ మీది రేకు, రెండూ దాన్ని బయటికే నెడుతున్నాయి. వాడేకొద్దీ చెక్క అంచు అరిగి నున్నబడింది. ఇంకేముంది, జారుతుంది.

ఇదే మాట లారీ డ్రైవరు మీ నాన్నగారి దగ్గరికొచ్చి చెబితే ఆయన ఏమనుకునేవారు? గేరు స్లిప్పవుతోందనగానే ఆయన చూసేవాటిలో ఒకటి సెలెక్టర్ రాడ్డు మీది గాటు, అందులో కూర్చునే ఉక్కు బాలు, దాన్ని వెనక నుంచి నొక్కే స్ప్రింగు. గేరు పడ్డప్పుడు చేతికి తెలిసే 'టక్' ఆ బాలు గాటులో పడటం వల్లే. స్ప్రింగు బలం తగ్గినా, గాటు అరిగినా గేరు నిలవదు. అంటే మీకు కావలసిన వస్తువు ఆయన తెచ్చిన సామానులోనే ఉంది, ఇప్పుడు మెట్ల కింద గోతంలో పడి ఉంది. మీరిద్దరూ ఒకే రోగం గురించి వేరు వేరు భాషల్లో మాట్లాడుకున్నారు.

సరే, ఏం చేయొచ్చో చూద్దాం.

రెడీమేడ్‌ది కొనేయడం తేలిక దారి. తప్పేమీ లేదు, మీ డబ్బు, మీ సరదా. జీ29కి ఆ కంపెనీవాళ్లదే విడి షిఫ్టర్ దొరుకుతుంది, ఆరు గేర్లు, కిందికి నొక్కి వేస్తే రివర్సు. వైరు గుచ్చితే పనైపోతుంది. ఆదివారం రేసుకి టెన్షన్ ఉండదు. కానీ మళ్లీ చెబుతున్నా, అది హెచ్ గాడి. ర్యాలీ సీక్వెన్షియల్ కావాలంటే వేరే రకం కొనాలి, దాని ధర వేరే స్థాయిలో ఉంటుంది. రెండోది, మీకు ఈ చేసుకునే పనిలోనే సగం ఆనందం ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. కొనాలనుకునే మనిషి ఇన్ని బొమ్మలు గీయడు. ఇక నాన్నగారి విషయం. మీరు కొన్నాక ఆయన ఏమీ అనరు. అనకపోవడమే మీ ఇంట్లో ఇప్పుడున్న ఇబ్బంది, అది అలాగే ఉండిపోతుంది. కొనేటట్టయితే మాత్రం దాచిపెట్టి తెచ్చుకోకండి. డబ్బా ఆయన ముందే విప్పండి. గేర్‌బాక్స్ మేస్త్రీ కదా, వారం తిరక్కుండా దాన్ని విప్పి చూడాలనే అంటారు. గ్యారంటీ అయిపోయేదాకా ఆపండి, అయిపోయాక స్క్రూ డ్రైవరు మీరే ఇవ్వండి.

ఆయన చేసినదాన్ని ఉన్నదున్నట్టు వాడటం ఇంకో దారి. మీ భార్యగారి మాటల్లో ఈ సూచన ఉన్నట్టుంది. నేను వద్దంటాను. ఇష్టం లేకుండా వాడితే నాలుగు రోజుల్లో ఆయనకు తెలిసిపోతుంది. రాడ్డు పట్టుకునే తీరు చూసే డ్రైవరు సంగతి చెప్పగల మనుషులు వాళ్లు. జాలిపడి వాడుతున్నాడని తెలిస్తే గోతంలో చుట్టినప్పటికంటే ఎక్కువ నొచ్చుకుంటారు. అయినా బల్ల ఒప్పుకోదు కదా.

నాకు మొగ్గున్నది మూడోదాని వైపు, అది కాస్త పనితో కూడుకున్నది. పనిని రెండు ముక్కలు చేసుకోండి. చేతికి తగిలేదంతా ఆయనది. స్విచ్ దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా మీది. రెంటి మధ్యా హద్దు స్పష్టంగా ఉండాలి. ఆయన మీ కోడ్ గురించి మాట్లాడరు, మీరు ఆయన ఆకురాయి ఎలా పట్టాలో చెప్పరు. పని అప్పజెప్పేటప్పుడు "నాయనా, సారీ, నువ్వు చేసింది బాగుంది" లాంటి మాటలతో మొదలుపెట్టకండి. ఆయన మేస్త్రీ, కంప్లయింటు వింటే కదులుతారు. మీ ప్లైవుడ్ పెట్టె తీసుకెళ్లి ముందు పెట్టండి. "రెండులోంచి మూడుకేస్తే జారిపోతా ఉంది నాయనా, బాల్ స్ప్రింగు పెట్టాలంటే యాడ పెట్టాల?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన ఒక పూట దాన్ని పట్టించుకోనట్టే ఉండొచ్చు, అప్పుడు మళ్లీ గుర్తుచేయకండి.

కొలతలు మాత్రం మీరే ఇవ్వాలి, ఎందుకంటే మీ గది, మీ చెయ్యి. సీక్వెన్షియల్ అనుకుని చెబుతున్నాను. ఒక బోల్టు మీద రెండు 608 బేరింగులు వేసి రాడ్డును నిలబెట్టండి. ఇవి లోపల 8 మిల్లీమీటర్లు, బయట 22 ఉండే చిన్న బేరింగులు, ఆటోనగర్‌లో ఆయనకు కొత్తగా చూపించక్కర్లేదు. బోల్టు పైన రాడ్డు 24 సెంటీమీటర్లు, కింద 6 ఉంచారనుకోండి. నాలుగింటికి ఒకటి లెక్క. పైన మీ చెయ్యి 4 సెంటీమీటర్లు కదిలితే కింద 1 సెంటీమీటరు కదులుతుంది. కింద స్ప్రింగు 8 కిలోల బలంతో పట్టుకుంటే మీ చేతికి 2 కిలోలే తెలుస్తుంది. లారీ రాడ్డును ఎక్కడ కోయాలో ఈ లెక్కతోనే తేల్చుకోవచ్చు. కోయడానికి ఆయన ఒప్పుకోకపోతే లెక్క కాగితం మీద వేసి చూపించండి, లెక్కకు ఒప్పుకుంటారు.

రాడ్డు కింది కొసకు ఒకే గాటు ఉన్న చిన్న ఇనప ముక్క, ఆ గాటులో బాలు, వెనక స్ప్రింగు, స్ప్రింగును నొక్కే బోల్టు, అది వదులవకుండా పట్టే చెక్ నట్టు. లారీ సెలెక్టర్ రాడ్డునే వాడేద్దామంటే కుదరదు. దానికి మధ్యలో న్యూట్రల్ గాటుతో పాటు అటూ ఇటూ గేర్ల గాట్లు కూడా ఉంటాయి, రాడ్డు అక్కడే ఆగిపోతుంది. సీక్వెన్షియల్‌లో అది వెనక్కి వచ్చేయాలి. కాబట్టి మధ్య గాటు ఒక్కటే ఉండేలా కొత్త ముక్క లేత్ మీద తీయించాలి. లారీ స్ప్రింగు కూడా మరీ గట్టిది. మెత్తనిది వేసి, బోల్టు తిప్పుతూ మీ చేతికి నచ్చేదాకా సర్దుకోండి. బోల్టు తిప్పేది ఆయన, లాగి చూసేది మీరు. ఈ ఒక్క పనికి ఇద్దరూ ఒకే గదిలో ఉండక తప్పదు. రాడ్డు మధ్యకు రావడానికి రెండు పక్కలా చెరో స్ప్రింగు వేయాలి, ఆ సంగతి ఆయనకు విడిగా చెప్పక్కర్లేదు.

స్విచ్ సంగతి ఇప్పుడు. మీ రెండో బొమ్మలో రాడ్డు వచ్చి నేరుగా మైక్రో స్విచ్‌నే గుద్దుకుంటోంది. రేసు వేడిలో గేరు లాగే దెబ్బంతా ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద పడుతోంది. రేకు వంగుతుంది, కొన్నాళ్లకు లోపలి కాంటాక్టు పోతుంది. దెబ్బ కాచుకోవడానికి విడిగా ఇనప ఆపు ఉండాలి, దానికి రబ్బరు ముక్క అంటించాలి. చిన్న చక్రం ఉన్న రకం మైక్రో స్విచ్ తీసుకుని పక్క నుంచి తగిలేలా బిగించండి. రాడ్డు దారిలో ముప్పాతిక వంతు వచ్చేసరికి స్విచ్ పడాలి, మిగతా పావు వంతు రబ్బరు చూసుకుంటుంది. లారీ ట్యూబు ముక్క రెండు మడతలు వేస్తే చాలు. మీ అర్ధరాత్రి శబ్దం కూడా దీంతో బాగా తగ్గుతుంది.

శబ్దం అంటే గుర్తొచ్చింది. మీ భార్యగారి గురించి ఇంత పెద్ద ఉత్తరంలో మీరు రాసింది రెండు వాక్యాలు. ఆ టకటక వినబడుతున్న గదిలోనే కదా ఆమె పడుకుంటున్నది? తన నిద్ర గురించి ఆమె ఫిర్యాదు చేసినట్టు రాయలేదు, మామగారి మనసు గురించి మాత్రం మాట్లాడింది. రబ్బరు ముందు ఆమె కోసం వేయండి. వీలైతే స్టీరింగును హాల్లోకి మార్చే మాట కూడా ఆమెనే అడగండి.

పద్నాలుగు కిలోల సంగతి చూద్దాం. బల్ల మీద అది శాపం, నేల మీద వరం. పార్టికల్ బోర్డు అంచుకు క్లాంపు బిగించి గేరు లాగడం ఎవరు చేసినా నిలవదు, ఆయన చేసినా, కంపెనీ చేసినా. నలభై మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో ఒక స్టాండు, దాని అడుగు ప్లేటు మీద పెడల్స్, పక్కన గేర్ రాడ్డు. కుర్చీ ముందు కాళ్లు కూడా ఆ ప్లేటు మీదే ఉంటే మీ బరువే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. కుర్చీకి చక్రాలుంటే మాత్రం తీసేయాల్సిందే, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా వెనక్కి పోతారు. ఆయన తెచ్చిన మందం ప్లేట్లకు ఇదే సరైన చోటు. తుక్కువాడికి వేయక్కర్లేదని అమ్మగారికి చెప్పండి.

స్టాండు పనిలో వెల్డింగు ఉంటుంది. ఆయన మోకాళ్లతో నేల మీద కూర్చుని చేయించకండి. పాత షెడ్డుకు తీసుకెళ్లండి, కుర్చీ వేసుకుని కూర్చుని అక్కడి కుర్రాళ్లతో చేయించుకుంటారు. ఆయన మనిషిగా ఉండేది అక్కడే అని మీకూ తెలుసు. గ్రైండర్ పనికి సాయంత్రం నాలుగు తర్వాత టైం పెట్టుకుందామని అడగండి. నిద్ర చాలడం లేదని చెబితే ఏ తండ్రీ కాదనడు. మీరు ఇన్నాళ్లూ చెప్పకుండా పళ్లు బిగించి పడుకున్నారు, ఆ చిరాకే బల్ల విరిగిన రోజు బయటికొచ్చింది.

ఈ దారిలో నష్టాలు లేవని కాదు. ఆదివారం రేసుకి అందకపోవచ్చు. అందాకా ప్యాడిల్స్‌తో నడపండి. ప్యాడిల్స్ చిన్నతనమేమీ కాదు, 1989లో ఫెరారీ వాటితో మొదటిసారి ఫార్ములా వన్‌లో దిగి ఆ ఏడాది బ్రెజిల్ రేసు గెలిచింది. ఇంకో నష్టం, ఆయన హద్దు దాటొచ్చు. సీక్వెన్షియల్ అడిగితే "ఐదు గేర్లకు ఐదు చోట్లుండాలి గదా" అని మళ్లీ గాడి కోయొచ్చు. అప్పుడు వాదించకుండా బైకు దగ్గరికి తీసుకెళ్లండి. కూర్చోబెట్టి గేరు వేయించండి, పెడల్ వెనక్కి రావడం చూపించండి. అలాగే కావాలని చెప్పండి. అప్పటికీ ఆయన మాటే నెగ్గాలంటే, అప్పుడు కొనుక్కోండి, కారణం ఆయన మొహం మీదే చెప్పి కొనుక్కోండి.

ఆయన లారీ రాడ్డుకు వేరే భవిష్యత్తు కూడా ఉంది, అది మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అని 2012లో వచ్చిన ఆట ఉంది, హెచ్ గాడి షిఫ్టర్లతో నడుస్తుంది. పొడవు తగ్గించి, గాడి ప్లేటుకు స్విచ్‌లు పెట్టి, నేల మీది స్టాండుకు బిగిస్తే ఆయన చేసింది ఆ ఆటకు బ్రహ్మాండంగా సరిపోతుంది. అయితే నాన్నకు మంచి కాలక్షేపం దొరికిందని మీరు సంబరపడి ఆయన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టకండి. తెర మీద రోడ్డు కదులుతుంటే ఒళ్లు కదలక పెద్దవాళ్లలో చాలామందికి తల తిరుగుతుంది. క్లచ్‌లో బరువే లేదని ఆయన తీసిపారేయొచ్చు కూడా. మీరు నడుపుతుంటే వెనక నిలబడి తప్పులు పడతారేమో చూడండి. ఆ పని ఆయనకు ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం.

ఇక మీరు అనేసిన "ఇది ఆట" అన్న మాట సంగతి. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి వేరే మాట వెతక్కండి. మీరు అన్నది అబద్ధం కాదు, ఇది ఆటే. కానీ అర్ధరాత్రి దాకా కూర్చుని స్విచ్‌లు సోల్డరింగ్ చేసిన మీరు కూడా దాన్ని ఆటగా చేయలేదు. ఆయనా చేయలేదు. ఈసారి పని అడిగేటప్పుడు మిల్లీమీటర్లలో అడగండి, ఆయన ఇచ్చిన ముక్కను వెర్నియర్ కొలపరికరం పెట్టి కొలవండి, తేడా ఉంటే ఉందని చెప్పండి. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఆయన ఇచ్చిన మర్యాద అదే అయి ఉంటుంది.

చివరగా మీ ఉనో బోర్డు. ఆర్3 దాకా వచ్చిన ఉనో బోర్డుల్లో ప్రధాన చిప్పుకు సొంతంగా యూఎస్‌బీ లేదు, పక్కనున్న ఇంకో చిప్పు కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. అందుకే కంప్యూటర్ దాన్ని జాయ్‌స్టిక్‌గా గుర్తించదు. మీరు ప్రతిసారీ ఒక ప్రోగ్రాం తెరిచి కీబోర్డు అక్షరాలుగా మార్చుకోవాల్సి వస్తోందంటే కారణం అదే. లియొనార్డో బోర్డు గానీ, ప్రో మైక్రో బోర్డు గానీ తెచ్చుకోండి. వాటిలోని 32యూ4 చిప్పులోనే యూఎస్‌బీ ఉంటుంది, జాయ్‌స్టిక్ లైబ్రరీ ఎక్కిస్తే వైరు గుచ్చగానే బటన్లుగా కనబడుతుంది. ఖర్చు కూడా కొన్ని వందలే. అదీ వద్దనుకుంటే పాత యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఒకటి విప్పి, దాని బటన్ల దగ్గర వైర్లు సోల్డర్ చేసినా పనవుతుంది.

ప్రతి స్విచ్‌కూ ఒక కాలు పిన్నుకు, ఇంకో కాలు గ్రౌండుకు. కోడ్‌లో ఇన్‌పుట్ పుల్‌అప్ (చిప్పు లోపలి రెసిస్టర్‌నే వాడుకునే సెట్టింగు) పెట్టుకుంటే విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. స్విచ్ పడ్డప్పుడు కాంటాక్టు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, సీక్వెన్షియల్‌లో దానివల్ల ఒక్కసారి లాగితే రెండు గేర్లు దూకుతాయి. కోడ్‌లో ఒక 10 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివేలా రాయండి, మీ చేతికి ఆ ఆలస్యం తెలియదు. మైక్రో స్విచ్ బదులు అయస్కాంతం, అది దగ్గరికొస్తే తాకకుండానే పసిగట్టే హాల్ సెన్సార్ పెడితే అరుగుడే ఉండదని ఎక్కడో చదివానన్నారు. నిజమే, సముద్రం దగ్గరి ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పు పట్టే బాధ కూడా తప్పుతుంది. కానీ దగ్గర్లో ఇనప ప్లేటు ఉంటే అయస్కాంత బలం దాని వైపు మళ్లి సెన్సార్‌కు అందేది మారిపోవచ్చు, మధ్యలో చెక్క గానీ అల్యూమినియం గానీ ఉంటే మంచిది. పైగా నాన్నగారు పక్కనే ఆకురాయి పడితే ఆ ఇనప రజనంతా వచ్చి దానికే అంటుకుంటుంది. మొదట మైక్రో స్విచ్‌లతోనే కానివ్వండి. అయస్కాంతాలు తర్వాత పెట్టాలనిపిస్తే, ఇనప పనంతా పూర్తయి తుడిచాక పెట్టుకోండి.